మెతుకు పట్టి చూసినవాళ్లు ఏ కుండలో చెయ్యి పెట్టారు?

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తినక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. నిజమే. కానీ ఆ మాటలో చెప్పని షరతు ఒకటుంది. కుండ ఒకటే అయి ఉండాలి. మన దేశంలో ఊరందరికీ ఒకటే కుండ ఎప్పుడైనా ఉందా? ఊరికో కుండ, వాడకో కుండ, గూడేనికో కుండ. ఊరి కుండలో మెతుకు పట్టి చూసి, 'వాడలో కూడా అన్నం ఉడికింది, అందరూ తిన్నారు' అని రాసుకుపోయిన లెక్కల కిందనే మన తాతలు, తండ్రులు బతికారు, చచ్చారు. ఇప్పుడు అదే లెక్క మన ఒంట్లోకి పోతున్న పురుగుమందు విషం మీద నడుస్తోంది. అందుకే ఈ రాత.

ఒక సంగతి చెబుతాను. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఉన్న ఏ బడిలోనైనా పత్తి, మిరప సీజను రాగానే హాజరుపట్టీ పలచబడుతుంది. మా బడీ అంతే. ఒక పిల్ల నాలుగు రోజులు రాకపోతే ఇంటికి పోయి అడిగాను. 'అమ్మకు కళ్లు తిరుగుతున్నయి సార్, నేనే వండుతున్న' అంది. తల్లి మంచంలో ఉంది. ముందు రోజు పొద్దంతా డ్రమ్ములో మందు కలిపి, బిందెలతో పంపుల దగ్గరికి మోసింది. ఆసామి మందు డబ్బాలిచ్చాడు గానీ చేతికి తొడుగు ఇవ్వలేదు. మోచేతిదాకా ముంచి చేత్తోనే కలిపింది. పొద్దుగూకేసరికి తలనొప్పి, వాంతులు, నోట్లో నీళ్లూరడం, చూపు మసక. ఆర్.ఎం.పి. వచ్చి సెలైన్ ఎక్కించి, సూది వేసి, 'ఎండదెబ్బ' అని చెప్పి పోయాడు. మూడో రోజు ఆమె మళ్లీ చేలోకి పోయింది. పోకపోతే ఆ వారం బియ్యం లేవు.

ఈ సంగతి పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాను. అక్కడి పెద్దమనిషి ఫైలు తిప్పి చూశాడు. 'సారూ, మీ మండలంలో మందు కొడుతూ విషం ఎక్కిన కేసు ఒక్కటి కూడా మా రికార్డులో లేదు' అన్నాడు. ఎంత ధీమాగా అన్నాడో! నేను బయటికొచ్చి చెట్టుకింద కూర్చుని ఆలోచించాను. లేకపోవడం, రాయకపోవడం రెండూ ఒకటేనా? అన్నలారా, అక్కలారా, మన పోరాటం ఈ ఒక్క ప్రశ్న దగ్గర మొదలు కావాలి.

సున్నా అంటే ఏంది?

ఆ పెద్దమనిషి 'లేదు' అన్నది ఎంతమందిని చూసి? ఎవరినీ చూడలేదు. సరే, చూశారనే అనుకుందాం. ఒక డాక్టరు గారు వచ్చి 30 మంది కూలీలను నిలబెట్టి పరీక్ష చేశారు, ఒక్కరిలోనూ విషం లక్షణం కనబడలేదు అనుకుందాం. అప్పుడైనా 'మండలంలో ఎవరికీ లేదు' అనొచ్చా? లెక్కల శాస్త్రం ఒప్పుకోదు. దీనికి ఒక చిన్న సూత్రం ఉంది, ఏడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. 3ను, చూసిన మనుషుల సంఖ్యతో భాగించండి. 3ను 30తో భాగిస్తే పదో వంతు. అంటే 30 మందిలో సున్నా కనబడితే, అసలు సంఖ్య నూటికి సున్నా నుంచి సుమారు 10 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. గట్టిగా చెప్పగలిగేది అంతే. మండలంలో 10,000 మంది కూలీలు ఉంటే నూటికి 10 అంటే 1,000 మంది. అదే 300 మందిని చూసి సున్నా వస్తే నూటికి 1, అంటే 100 మంది దాకా ఉండొచ్చు. చూసినవాళ్లు తగ్గేకొద్దీ 'సున్నా' అనే మాటకు బరువు తగ్గుతుంది.

మరి ఎవరినీ చూడకపోతే? 3ను సున్నాతో భాగించడం కుదరదు. ఎవరినీ చూడనివాడికి 'కేసులు లేవు' అనే హక్కు లేదు. 'మేము చూడలేదు' అని ఒప్పుకునే బాధ్యతే ఉంది.

రిజిస్టరులోకి ఎవరు ఎక్కుతారు?

'ఆసుపత్రి లెక్కలున్నాయి కదా' అంటారు. ఉన్నాయి, చూద్దాం. వరంగల్ మహాత్మాగాంధీ మెమోరియల్ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. వారిలో నూటికి 22.6 మంది చనిపోయారు. 2002 వివరాలు విడిగా చూస్తే, చేరినవాళ్లలో నూటికి 96 మంది చావాలని తాగినవాళ్లు. ఏ మందో తెలిసిన చావుల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండు మందులవే. పత్తి పోయి, అప్పు మీదపడి, పురుగు కోసం తెచ్చిన మందు రైతే తాగిన కాలం అది. ఆ చావులను నేను తక్కువ చేయడం లేదు. ఆ 8,040 మందిలో మన ఇళ్లవాళ్లూ ఉన్నారు.

కానీ ఒకటి గమనించండి. ఆసుపత్రి రిజిస్టరు తాగినవాళ్ల లెక్క. తడిసినవాళ్ల లెక్క కాదు. తాగినవాణ్ణి మంచం మీద మోసుకుపోతారు. తడిసినామె నడిచి ఇంటికి పోతుంది.

తడిసినవాళ్ల లెక్క ఒకటి 2005లో అచ్చయింది. దక్షిణ భారతంలో పత్తి పండించే మూడు పల్లెల్లో ఒక సీజనంతా 50 మంది ఆడవాళ్లు, తమకూ తమ ఇంటి మగవాళ్లు 47 మందికీ మందు పని చేసిన రోజున ఏమేం బాధలొచ్చాయో తామే గుర్తుపెట్టుకుని చెప్పారు. మొత్తం 323 సార్లు. అందులో నూటికి 83.6 సార్లు విషం ఎక్కిన గుర్తులు ఏవో కొన్ని కనబడ్డాయి. నూటికి 6 సార్లు నరాల మీద దెబ్బ చాలా తీవ్రంగా ఉంది. మరి ఆసుపత్రికి పోయిందెందరు? ఒక్కరూ లేరు! రిజిస్టరులో సున్నా, ఒంట్లో విషం. మందు కలపడం, పంపులు నింపడం అనే ఆడవాళ్ల పని, మందు కొట్టే పని అంత ప్రమాదమేనని ఆ పరిశోధన తేల్చింది. పెద్ద ఆసాములకంటే పేద సన్నకారు రైతులకే తీవ్రమైన విషం ఎక్కువసార్లు ఎక్కిందని కూడా తేల్చింది.

ఈ లెక్కను పట్టుకుని 'తెలంగాణ అంతటా నూటికి 83' అని నేను అనను. మూడు ఊళ్ల లెక్క మూడు ఊళ్లదే. అవే ఇళ్లవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పినవి కాబట్టి 323 సార్లంటే 323 మంది మనుషులూ కాదు. మనం అబద్ధం చెబితే అవతలివాడికి అదే ఆయుధం అవుతుంది. కానీ ఆ మూడు ఊళ్లు ఒక్కటి మాత్రం తేల్చి చెప్పాయి. ఆసుపత్రి రిజిస్టరు చూసి మందు కూలీల బాధను కొలవడం కుదరదు.

ఒంట్లోకి ఎట్లా పోతుంది? చట్టం ఏమంది?

మోనోక్రోటోఫాస్ లాంటి భాస్వరపు జాతి మందులు నోట్లోంచే పోనక్కర్లేదు. చర్మంలోంచి పోతాయి, గాలితో ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మన నరాల్లో సందేశం అందగానే దాన్ని ఆపే ఎంజైము ఒకటుంది. దాని పేరు కోలినెస్టరేజ్. ఈ మందు దాన్ని కట్టిపడేస్తుంది. ఆపేవాడు లేక నరం అట్లా కొట్టుకుంటూనే ఉంటుంది. అందుకే చెమటలు, నోట్లో నీళ్లు, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం, ఊపిరాడకపోవడం. పురుగు చచ్చేదీ అట్లాగే, మనిషి చచ్చేదీ అట్లాగే. విరుగుడు అట్రోపిన్ సూది. ఎండదెబ్బ అనుకుని సెలైన్ పెడితే విషం దిగదు.

ఈ ఎంజైము ఎంత పడిపోయిందో రక్తపరీక్షలో తెలుస్తుంది. మనిషి మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి సీజనుకు ముందు ఒకసారి, సీజనులో మళ్లీ చూసి పోల్చాలి. ఇది నేను కనిపెట్టిన కోరిక కాదు. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 37వ నిబంధన, భాస్వరపు జాతి మందులతో పనిచేసేవాళ్లకు నెలనెలా ఈ రక్తపరీక్ష చేయాలని రాసింది. తొడుగులు, ముసుగులు ఉండాలని 39, 40 నిబంధనలు రాశాయి. 1968 పురుగుమందుల చట్టం 26వ సెక్షను, మందు వాడకంలో విషం ఎక్కిన ప్రతి సంఘటననూ ఫలానా అధికారికి తెలపాలని ఆజ్ఞ ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఇన్ని రాశారు. కాగితం మీద మనం ఎంత భద్రంగా ఉన్నామో చూడండి! ఈ అడవి అంచున మందు కొట్టే కూలీ ఒక్కరికైనా నెలనెలా రక్తం తీసి చూడ్డం నేనైతే చూడలేదు. మీరెవరైనా చూస్తే ఈ పత్రికకు రాయండి.

రెండు హద్దుల మధ్య మనిషి

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. పది వేలమందినీ పరీక్ష చేయడం కష్టం కాబట్టి కొందరినే చూసి అందరి సంగతీ అంచనా కడతారు. తప్పు లేదు. పేర్లన్నీ చీటీలు రాసి, కలిపి, కళ్లు మూసుకుని 100 చీటీలు తీశారు అనుకుందాం. ఆ 100 మందిలో 30 మందికి విషం గుర్తులు కనబడ్డాయి అనుకుందాం. అయితే అసలు సంఖ్య సరిగ్గా నూటికి 30 అనొచ్చా? అనలేం. వేరే 100 చీటీలు వస్తే 26 అయ్యేదేమో, 35 అయ్యేదేమో. అందుకే నిజాయితీ ఉన్న లెక్క ఒకే సంఖ్య చెప్పదు, రెండు హద్దులు చెబుతుంది. ఇక్కడ ఆ హద్దులు నూటికి 21, నూటికి 39. దీన్నే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటారు. ఇట్లాంటి సర్వే వందసార్లు చేసి వందసార్లు హద్దులు గీస్తే, సుమారు 95 సార్లు అసలు సంఖ్య ఆ హద్దుల లోపల పడుతుంది. 95 శాతం నమ్మకమంటే ఇదే. పొలానికి హద్దురాళ్లున్నట్టే లెక్కకూ హద్దురాళ్లుంటాయి. ఆ రాళ్లు దగ్గరకు రావాలంటే ఎక్కువమందిని చూడాలి. వెడల్పు సగం కావాలంటే నాలుగింతలు, అంటే 400 మందిని చూడాలి.

ఈ హద్దులతో పెద్దలు రెండు ఆటలు ఆడతారు. మొదటి ఆట: 'హద్దుల మధ్య ఇంత తేడా ఉంది, ఏమీ తేలలేదు, ఇంకా పరిశోధన జరగాలి' అని ఫైలు మూసేస్తారు. ఏమీ తేలలేదా? 10,000 మంది కూలీల్లో కింది హద్దు తీసుకున్నా 2,100 మంది! మీ లెక్క ప్రకారమే, మీరు ఒప్పుకున్న అతి తక్కువ సంఖ్యే 2,100 మంది. వాళ్లకు అట్రోపిన్ ఎక్కడ? తేలనిది 2,100 ఉన్నారా 3,900 ఉన్నారా అన్నదే. ఉన్నారా లేరా అన్నది తేలిపోయింది. ఇల్లు కాలుతుంటే మంట ఎన్ని మూరలో కొలిచాకే నీళ్లు పోస్తానన్నవాణ్ణి ఏమంటారు?

రెండో ఆట: డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు తక్కువ సంఖ్య దగ్గరే తాళం వేస్తారు. దీనికి భోపాల్‌కంటే సాక్ష్యం అక్కర్లేదు. 1984 డిసెంబరులో విషవాయువు వదిలిన యూనియన్ కార్బైడ్ కూడా పురుగుమందుల ఫ్యాక్టరీయే, మరిచిపోకండి. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినప్పుడు వేసుకున్న లెక్క సుమారు 3,000 చావులు, లక్షకు పైగా గాయపడినవాళ్లు. తర్వాత క్లెయిము కోర్టులు ఒక్కొక్కరిని చూసి ఒప్పుకున్నది 5,295 చావులు, మొత్తం 5,70,000కు పైగా బాధితులు. లెక్క ఐదింతలు దాటినా పైకం మాత్రం 1989 దగ్గరే ఆగింది. ఇంకా ఇప్పించమని వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మొదట రాసిన తప్పుడు సంఖ్య జీవితాంతం వెంటాడుతుంది. లెక్క మనకెందుకు అనే అన్నలు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

హద్దులు కుండను చెప్పవు

ఇంతవరకూ లెక్కల పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో ఉండనిది కులం.

పైన చెప్పిన హద్దులు చీటీలు సరిగా కలిపి తీసినప్పుడే నిజం. సర్వే జీపు ఎక్కడ ఆగుతుంది? రోడ్డుపక్కన, పంచాయతీ ఆఫీసు ముందు. ఎవరింట్లో టీ తాగుతారు? ఆసామి ఇంట్లో. 'రైతులను' అడిగామంటారు. పట్టా పాసుపుస్తకం ఉన్నవాడే రైతు. మందు కొట్టించేవాడు రైతు, మందు కొట్టేవాడు రైతు కాదు! అట్లా ఊళ్లో 100 మందిని అడిగితే 5గురికి బాధ ఉందని వచ్చింది అనుకుందాం. హద్దులు గీస్తే సుమారు 2 నుంచి 11. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంది! అదే వాడలో, గూడెంలో 100 మందిని అడిగితే 40 మందికి ఉందని వచ్చింది అనుకుందాం. హద్దులు 30 నుంచి 50. రెండు లెక్కల హద్దులు ఎక్కడా ఒకదాన్నొకటి తాకను కూడా తాకవు. మరి మండలం పేరుమీద ఢిల్లీకి ఏది పోతుంది? మొదటిది.

100 మంది బదులు 10,000 మందిని అడిగినా, అడిగింది ఊరినే అయితే హద్దులు దగ్గరికొస్తాయి గానీ అబద్ధం తగ్గదు. అబద్ధానికి ఇంకా గట్టి హద్దురాళ్లు పాతినట్టవుతుంది. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అనేది చెయ్యి పెట్టిన కుండలో మెతుకు ఎంత ఉడికిందో చెబుతుంది. పెట్టని కుండ సంగతి అది చెప్పదు, చెప్పలేదు.

మన సరిహద్దుల సంగతి చూడండి. 2014లో పోలవరం కోసం కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలను ఆంధ్రలో కలిపారు. 2016 అక్టోబరులో ఖమ్మం జిల్లాను చీల్చి భద్రాద్రి కొత్తగూడెం చేశారు. కూలి మనిషి మాత్రం పొద్దున ఒక రాష్ట్రంలో సద్దికట్టుకుని ఇంకో రాష్ట్రంలో మిరపకాయ ఏరుతుంది. బస్తర్ నుంచి గోదావరి పక్కన తోటలకు వచ్చే కోయ కూలీలు ఏ జిల్లా లెక్కలోకి వస్తారు? 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, మన మిరప తోటల నుంచి బీజాపూర్‌కు నడిచి పోతూ పన్నెండేళ్ల ఆదివాసీ పిల్ల దారిలో చనిపోయింది. చచ్చిపోయాకనే ఆ పిల్ల మన తోటల్లో పనిచేసిందని లోకానికి తెలిసింది. బతికుండగా ఏ రిజిస్టరులో ఉంది?

'ఏజెన్సీలోకి పోయి లెక్క తీయడం కష్టమండీ' అంటారు. కష్టమా? 2009లో ఇదే ఖమ్మం జిల్లాలో, ఇదే భద్రాచలంలో, గర్భాశయ క్యాన్సరు టీకా పరిశీలన పేరుతో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు సూదులు వేయగలిగారు. ఎంతోమంది హాస్టలు పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని, చెడు జరిగితే కనిపెట్టే ఏర్పాటు సరిగా లేదని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. సూది వేయడానికి మా గూడేలకు దారి దొరికింది. రక్తం తీసి విషం ఉందో లేదో చూడ్డానికి మాత్రం దారి దొరకదు!

'కూలోళ్లే జాగ్రత్తగా ఉండరు'

ఇది వాళ్ల ఆఖరి మాట. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయినప్పుడు, వందలమంది ఆసుపత్రి పాలైనప్పుడు కూడా ఇదే అన్నారు: మాస్కు కట్టుకోలేదు, గ్లౌజు వేసుకోలేదు. గ్లౌజు ఎవరు ఇవ్వాలి? ఉక్కలో, బురదలో, తలెత్తు పత్తిలో పొద్దంతా తొడుక్కుని పనిచేయగల తొడుగు ఏ కంపెనీ తయారుచేసింది? డబ్బామీద ఎర్ర త్రికోణం ఉంటుంది, అంటే అతి విషం అని అర్థం. అది చదువురాని మనిషికి ఎవరు చెప్పారు? మందు షాపువాడు చెప్పేది 'ఇది కొట్టు, పురుగు పోతుంది' అనే. 2021లో మిరపకు నల్లతామర పురుగు వచ్చినప్పుడు ఆ మాట విని ఎన్ని రకాలు కలిపి ఎన్నిసార్లు కొట్టారో మీకు తెలుసు. పురుగు పోలేదు, తోట పోయింది, మనోళ్ల ఒళ్లు పోయింది.

ఎండోసల్ఫాన్‌ను 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆపింది. అదీ ఎట్లా ఆగింది? కేరళ కాసర్‌గోడ్‌లో జీడితోటల పక్క పల్లెల జనం తమ బిడ్డలను లెక్కబెట్టి, ఇల్లిల్లూ రాసి, ఏళ్ల తరబడి కొట్లాడితే ఆగింది. లెక్క పాలకుల చేతిలో ఉంటే తాళం, మన చేతిలో ఉంటే తాళంచెవి. అంబేద్కర్ ఊరికే అయ్యాడా? 1923లో రూపాయి సమస్య మీద లండన్‌లో పుస్తకం అచ్చువేసిన ఆర్థికవేత్త ఆయన. మహద్ చెరువు నీళ్లు తాగించిన మనిషే లెక్కలూ నేర్చుకున్నాడు. ఒకటి లేకుండా రెండోది నిలబడదని ఆయనకు తెలుసు.

విషం లేకుండా పంట పండదా? పాల్వంచ మండలంలోనే పునుకుల ఉంది, పోయి అడగండి. పత్తి మందుల అప్పుల్లో మునిగిన ఆ ఊరు స్వచ్ఛంద సంస్థల తోడుతో వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు పెట్టుకుని 2004 నాటికి పురుగుమందు లేని ఊరుగా ప్రకటించుకుంది. వేపగింజలు పొడిచేసే యంత్రాన్ని అక్కడి ఆడవాళ్ల సంఘమే తెచ్చుకుంది. డ్రమ్ములో చేతులు ముంచే పని పోయి, వేపగింజలు ఏరే పని, పొడిచేసే పని వచ్చింది. తొడుగులు కట్టుకోండని మనకు నీతులు చెప్పేవాళ్లు, తొడుగే అక్కర్లేని ఈ దారి మన పక్కనే ఉందని ఎందుకు చెప్పరు? వేపగింజ అమ్మితే కంపెనీకి కమీషను రాదు.

మన లెక్క మనమే మొదలుపెడదాం

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. ఈ సీజనులో ప్రతి మండలంలో ఇట్లా చేయండి.

ఊరు, వాడ, గూడెం, వలస కూలీల గుడిసెలు వేరువేరుగా జాబితాలు రాయండి. నాలుగు కుండలకూ నాలుగు చోట్ల చీటీలు తీయండి. మనకు తెలిసినవాళ్లను, బాధ ఉందని ముందే చెప్పినవాళ్లను ఏరుకోకండి. అది మన అబద్ధం అవుతుంది. ఒకే ఊళ్లో వందమందిని అడగడంకంటే పది ఊళ్లలో పదిమంది చొప్పున అడగడం మేలు. ఒక ఊళ్లో అందరూ ఒకే షాపు మందే కొడతారు గదా.

ఆసామి ముందు, రచ్చబండ దగ్గర అడగకండి. అక్కడ అడిగితే సున్నాయే వస్తుంది. ఇంటికి పోయి అడగండి. ఆడవాళ్లను మగవాళ్లు లేకుండా, ఆడవాళ్లే అడగాలి.

'ఎప్పుడైనా బాధ వచ్చిందా' అని కాదు, 'ఈ సీజనులో, మందు పని చేసిన రోజు రాత్రిలోగా ఏమైంది' అని అడగండి. ఏ పని చేశారు, కొట్టారా, కలిపారా, మోశారా, కొట్టిన చేలో కలుపు తీశారా, రాయండి. డబ్బామీద పేరు, త్రికోణం రంగు రాయండి. 'లేదు' అన్నవాళ్లను కూడా తప్పకుండా రాయండి. వాళ్లు లేకపోతే నూటికి ఎంత అన్నది తేలదు.

చివర ఒకే సంఖ్య చెప్పకండి. కుండకు కుండ వేరుగా, రెండు హద్దులూ చెప్పండి. లెక్క కట్టడానికి పక్క బడిలో లెక్కల టీచరును అడగండి, కాదనరు. కాదంటే నా దగ్గరికి రండి.

ఆ కాగితాలు పట్టుకుని కలెక్టరేటు ముందు కూర్చుని అడుగుదాం. విషం ఎక్కిన ప్రతి సంఘటననూ నమోదు చేయాలని ప్రభుత్వం ఆజ్ఞ ఇవ్వాలి. ఆజ్ఞ ఉందంటే చూపించాలి, అమలు చేయాలి. మందు పనిచేసే కూలీలకు సీజనుకు ముందు ఒకసారి, సీజనులో నెలనెలా ప్రభుత్వ ఖర్చుతో రక్తపరీక్ష చేయాలి. ప్రతి పి.హెచ్.సి.లో అట్రోపిన్ ఉండాలి. సర్కారు సర్వే ఏదైనా వాడను, గూడేన్ని, వలస కూలీని విడిగా చూసి, రెండు హద్దులూ తెలుగులో పంచాయతీ గోడమీద రాయాలి. కింది హద్దు తేలిన రోజే వైద్యం మొదలు కావాలి. నష్టపరిహారం దగ్గరికొచ్చేసరికి పై హద్దుకు సరిపడా డబ్బు కంపెనీల చేత కట్టించాలి. ఎక్కువ తేలితే వాళ్లు తప్పించుకోకూడదు, తక్కువ తేలితే మిగిలింది తీసుకుపొమ్మనండి. 2020లో పార్లమెంటులో కొత్త పురుగుమందుల బిల్లు పెట్టారు. పాత చట్టమైనా, కొత్త చట్టమైనా మన కోరికలు ఇవే.

ఆ పిల్ల తల్లిని మొన్న మళ్లీ కలిశాను. ఈ సర్వే సంగతి చెబితే నవ్వింది. 'సారూ, ఇన్నేండ్లకు మందు కొట్టినప్పుడు నీకేమైందని నన్ను అడిగినోడివి నువ్వే' అంది. ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. మొదటి చీటీ ఆమె వాడ నుంచే తీద్దాం.

జై భీమ్!